తల్లిపాలలో విషం ఉంటే ఎవరిని అడగాలి?

ధ్యాన భాగములు: 2 రాజులు 2:19-22, యెహెజ్కేలు 34:17-19, యోహాను 9:1-3



ప్రియులారా, ఈ వారం ధ్యానం కొందరికి రుచించకపోవచ్చు. అయినా చెప్పక తప్పదు. మన సంఘాలలో నీళ్ళ విషయంలో మూడు మాటలు తిరుగుతున్నాయి. నీళ్ళు పాడై జనం జబ్బుపడితే "ఇది దేవుని తీర్పు" అనేది మొదటి మాట. "ప్రార్థన చేసి తాగితే ఏ విషమూ ఏమీ చేయదు" అనేది రెండవ మాట. చంటిబిడ్డ నలతపడితే తల్లివైపు చూసి "నీ పాలు బిడ్డకు పడలేదమ్మా" అనేది మూడవ మాట. మూడూ భక్తిగల మాటల్లాగే వినిపిస్తాయి. కానీ వాక్యంలో వీటికి చోటు లేదు. పైగా తప్పు చేసినవాడు హాయిగా తప్పించుకోవడానికి ఈ మూడు మాటలూ దారి ఇస్తున్నాయి. ఇవాళ నా వాదన అంతా దీనిమీదే.

ముందు మనకు తెలిసిన సంగతితో మొదలుపెడదాం. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్ టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి పడిపోయారు. మూర్ఛ, నోటివెంట నురగ, స్పృహ తప్పడం. కొద్ది రోజుల్లోనే బాధితులు 600 దాటారు. ఒకరు చనిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఆ నెల 16న జరిగిన ప్రభుత్వ సమీక్షలో పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు చెప్పారు. అవి ఒంట్లోకి ఏ దారిన వచ్చాయో తేల్చడానికి ఇంకా అధ్యయనం కావాలన్నారు. ఆ రోజుల్లో మనవాళ్ళ వాట్సాప్‌లలో తిరిగిన సందేశాలు గుర్తున్నాయా? అంత్యదినాలు, తెగులు, తీర్పు. ఏ కాలువలో ఏమి కలిసింది, ఎవరు కలిపారు అన్న ప్రశ్న ఆ సందేశాలలో ఎంత వెతికినా దొరకదు.

ఏలూరులో వచ్చింది ఒక్కసారిగా పడేసే విషం. అందుకే పేపర్లో పడింది. దానికంటే నెమ్మదిగా పనిచేసేది మరొకటి ఉంది. అది పేపర్లో పడదు. దాని పేరు సాల్వెంటు.

సాల్వెంటు అంటే కరిగించే ద్రవం. పెయింటు పలుచన చేసే థిన్నరు మీకు తెలుసు కదా, ఆ జాతిదే. మందుల ఫ్యాక్టరీలలో, రంగుల ఫ్యాక్టరీలలో ఇవి డ్రమ్ములకొద్దీ వాడతారు. టోలుయిన్, మిథిలీన్ క్లోరైడ్, ట్రైక్లోరోఇథిలీన్ అలాంటివే. ఒక కిలో మందు తయారు కావడానికి ఎన్నో కిలోల సాల్వెంటు పడుతుంది. పని అయ్యాక దాన్ని శుద్ధిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. దానికి ఖర్చవుతుంది. రాత్రిపూట వాగులోకి వదిలితే ఖర్చు లేదు. పాడైన బోరులోకి పంపినా ఖర్చు లేదు. కథ అంతా ఇక్కడే ఉంది.

నీళ్ళలో కలిసినప్పుడు వీటికి రంగు ఉండదు. బాగా ఎక్కువైతే తప్ప వాసన కూడా రాదు. వీటిలో క్లోరిన్ ఉన్న రకాలు నీటికంటే బరువైనవి. భూమిలోకి దిగి, అడుగున కూర్చుని, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా నీళ్ళలో కరుగుతూనే ఉంటాయి. ఫ్యాక్టరీ మూతపడినా బోరు బాగుపడదు. అమెరికాలో తాగునీటిలో ట్రైక్లోరోఇథిలీన్‌కు పెట్టిన హద్దు లీటరుకు 5 మైక్రోగ్రాములు. లెక్క వేసి చూడండి. ఒక్క గ్రాము చాలు, 5,000 లీటర్ల ట్యాంకర్లు 40 ఆ హద్దుకు చేరిపోతాయి. అది క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లోనే నిర్ధారించింది.

"మా ఇంట్లో ఆర్‌ఓ ఉంది పాస్టరు గారూ" అంటారు. ఆర్‌ఓ పొర ఉప్పును ఆపినంత గట్టిగా వీటిని ఆపదు. వీటిని పట్టేది బొగ్గు ఫిల్టరు. అది కూడా సమయానికి మారిస్తేనే. టీడీఎస్ మీటరు పెట్టి "అంకె తక్కువే ఉంది, మంచి నీళ్ళే" అంటారు. ఆ మీటరు కొలిచేది లవణాలను. సాల్వెంటు దానికి కనిపించనే కనిపించదు. మరిగిస్తే క్రిములు చస్తాయి, నిజమే. కానీ సాల్వెంటు ఆవిరై వంటగదిలోకి వస్తుంది, పొయ్యి దగ్గర నిలబడినవారే దాన్ని పీలుస్తారు. జల్ జీవన్ మిషన్ కింద గ్రామాలకు ఇచ్చే పరీక్ష కిట్లతో కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, క్రిములు వంటివి చూడవచ్చు. మంచిదే, చూడండి. కానీ ఆ కిట్టుకు సాల్వెంటు చిక్కదు.

మన తెలుగు నేలమీద ఇది ఎక్కడ జరిగిందంటారా? పటాన్‌చెరు, బొల్లారం చూడండి. హైదరాబాదుకు ఆనుకుని ఉన్న పారిశ్రామిక వాడలు. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి. చెరువులు, బావులు, పొలాలు పాడయ్యాయి. చివరికి ఆ ఊళ్ళకు బయటి నుంచి తాగునీరు తేవలసి వచ్చింది. అక్కడే వైద్యం చేసే డాక్టర్ ఎ. కిషన్ రావు గారు దశాబ్దాల పాటు ఆ ఊళ్ళ తరఫున పోరాడారు. సుప్రీంకోర్టులో 1990లో వేసిన కేసు 2001లో హైకోర్టుకు, 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళి, 2017లో తీర్పుకు వచ్చింది. 27 ఏళ్ళు! కేసు వేసిన ఏడాది పుట్టిన ఆడపిల్ల తీర్పు వచ్చేనాటికి పిల్లల తల్లి అయి ఉంటుంది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించారు. గమనించండి, శుద్ధి చేసిన తర్వాత వదిలే నీరు! అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. 2009లో వచ్చిన మరో అధ్యయనంలో చుట్టుపక్కల ఊళ్ళ బావుల్లోనూ మందులు దొరికాయి. వాటిలో సెట్రిజిన్ ఒకటి. జలుబు చేస్తే మనం మెడికల్ షాపులో కొనుక్కునే బిళ్ళ, ఆ ఊళ్ళ బావిలో ఊరికే దొరికింది. మందు అంత దూరం నడిచి వచ్చిందంటే, ఆ మందును తయారు చేసిన వ్యర్థజలాలు కూడా ఆ దారినే వచ్చాయి.

ఇక తల్లిపాల సంగతి. భోపాల్ గ్యాస్ ఘోరం 1984లో అందరికీ తెలిసింది. అక్కడి నీళ్ళ సంగతి తెలిసినవారు తక్కువ. ఆ ఫ్యాక్టరీ ఆవరణలో పడేసిన వ్యర్థాలు భూమిలోకి దిగాయి. చుట్టుపక్కల బస్తీల బోర్లలో క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు 1999లో బయటపడ్డాయి. 2002లో ఒక స్వచ్ఛంద సంస్థ అక్కడి బాలింతల పాలు పరీక్షిస్తే క్లోరోఫాం వంటి రసాయనాలు, సీసం, పాదరసం కనిపించాయి. ఆ బస్తీలకు శుభ్రమైన నీరు ఇవ్వమని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించింది. ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల విష వ్యర్థాలను అక్కడి నుంచి కదిలించింది ఎప్పుడో తెలుసా? 2025 జనవరిలో. గ్యాస్ లీకైన నలభై ఏళ్ళకు.

పాలలోకి ఎలా వస్తుంది? ఈ రసాయనాలు కొవ్వులో కరుగుతాయి. తల్లిపాలలో కొవ్వు ఉంటుంది. బిడ్డ ఎదగడానికి దేవుడు పెట్టిన కొవ్వు అది. తల్లి తాగిన నీళ్ళలోదీ, పీల్చిన గాలిలోదీ రక్తంలోకి, అక్కడి నుంచి పాలలోకి వెళ్తుంది. 1977లో కెనడాలో వైద్యులు రాసిన ఒక కేసు ఉంది. ఆరు వారాల బిడ్డకు కామెర్లు. తండ్రి పనిచేసేది డ్రై క్లీనింగ్ దుకాణంలో. తల్లి మధ్యాహ్నం పూట అక్కడికి వెళ్ళి భర్తతో కలిసి భోజనం చేసేది. ఆ దుకాణం గాలిలోని సాల్వెంటు ఆమె పాలలో దొరికింది. వెళ్ళివచ్చిన గంటకు 100 మిల్లీలీటర్ల పాలలో 1 మిల్లీగ్రాము. ఒక రోజు గడిచేసరికి 0.3. తల్లిపాలు ఆపాక బిడ్డ కోలుకున్నాడు.

ఈ కేసులో రెండు సంగతులు చూడండి. ఆ తల్లి చేసిన పాపం ఏమిటి? భర్తతో కలిసి అన్నం తినడం. ఇది మొదటి సంగతి. రెండవది, ఆ విషం ఆమె పాలలో పుట్టలేదు, పాలలో నిలవనూ లేదు. బయటి నుంచి వచ్చింది, రావడం ఆగితే తగ్గింది. డీడీటీ లాంటివి ఒంట్లో ఏళ్ళ తరబడి ఉండిపోతాయి గాని, ఈ సాల్వెంట్లు చాలావరకు త్వరగానే వెళ్ళిపోతాయి. అంటే నీళ్ళు బాగైతే పాలు బాగవుతాయి. పాలు మనకు సాక్ష్యం చెబుతున్నాయి. సాక్షిని బోనులో నిలబెట్టడం ఏ న్యాయం?

ఇప్పుడు ఆ మూడు మాటలను వాక్యం దగ్గరికి తీసుకువద్దాం.

మొదటిది, తీర్పు అనే మాట. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చినప్పుడు వారు ఇతరులకంటే పాపులా అని ప్రభువే అడిగి, కాదని ప్రభువే చెప్పాడు (లూకా 13). పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు "పాపం వీడిదా, కన్నవారిదా" అని అడిగితే ప్రభువు ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు (యోహాను 9). మనం మాత్రం శిష్యులు వదిలేసిన ప్రశ్నను పట్టుకుని ఊరేగుతున్నాం. పైపు పెట్టినవాడు మనిషి. వాల్వు తిప్పినవాడు మనిషి. చూసీ చూడనట్టు సంతకం పెట్టినవాడు మనిషి. ఆ పనిని దేవుని మీదికి నెట్టడం భక్తి అంటారా? నేను దాన్ని దేవునిమీద అబద్ధసాక్ష్యం అంటాను.

రెండవది, ప్రార్థించి తాగితే ఏమీ కాదనే మాట. మార్కు 16:18 చూపిస్తారు. సువార్త పనిలో ఉన్నవారికి ఎదురయ్యే అపాయాల గురించిన వాగ్దానం అది. కాలకూట విషం కలిపినవాడికి లైసెన్సు కాదు. దేవాలయ శిఖరంమీద నుంచి దూకమని సాతాను వాక్యం చూపించే అడిగాడు. దేవుణ్ణి శోధించకూడదని ప్రభువు జవాబిచ్చాడు (మత్తయి 4). తెలిసి తెలిసి పాడు నీళ్ళు తాగి దేవుణ్ణి రుజువు అడగడం ఆ శిఖరం ఎక్కడమే. పౌలు భక్తుడు తిమోతి కడుపునొప్పికి ఏమి రాశాడో చదవండి (1 తిమోతి 5:23). నీళ్ళు మాత్రమే తాగుతూ ఉండవద్దన్నాడు. విశ్వాసం చాలలేదని మందలించలేదు.

ఎలీషా దగ్గరికి రండి. యెరికో పట్టణస్థులు వచ్చి, ఊరు బాగానే ఉంది గాని నీళ్ళు మంచివి కావు, నేల నిస్సారంగా ఉందని చెప్పారు. అక్కడి హెబ్రీ మాటలో గర్భాలు పోవడం, బిడ్డలు దక్కకపోవడం అనే అర్థం ఉంది. ఆ ఊరి తల్లుల కన్నీళ్ళు ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ప్రవక్త ఏమి చేశాడు? ఫిర్యాదు చేయడం అవిశ్వాసమని అన్నాడా? ఇంటింటికీ తిరిగి కుండలమీద ప్రార్థన చేశాడా? నీటి ఊట దగ్గరికి వెళ్ళాడు. ఎక్కడ నీళ్ళు పుడుతున్నాయో అక్కడికి. అద్భుతం జరిగిన చోటు అది. ప్రార్థన చేయవద్దని నేను అనడం లేదు. ఊట దగ్గరికి నడవని ప్రార్థన ఎలీషా ప్రార్థన కాదంటున్నాను.

మూడవది, తల్లిని అనే మాట. అత్తమ్మలారా, అక్కలారా, ఇది మీతో చెబుతున్నాను. బిడ్డకు విరేచనం అయినా, బరువు పెరగకపోయినా కోడలి పాలకు పేరు పెట్టకండి. భయపడి తల్లిపాలు మానిపించి డబ్బా పాలు పడితే ఏమవుతుంది? ఆ పొడి కలిపేది ఏ నీళ్ళతో? ఆ బోరు నీళ్ళతోనే! తల్లి ఒంట్లో కొంత ఆగి వచ్చేది ఇప్పుడు నేరుగా సీసాలోకి వస్తుంది. ముర్రుపాలు మొదలుకొని ఆరు నెలల దాకా తల్లిపాలే ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాలు ఆపాలా వద్దా అన్నది పరీక్ష చూసి డాక్టరు చెప్పవలసిన మాట. ఇరుగుపొరుగు చెప్పేది కాదు, పాస్టరు చెప్పేదీ కాదు.

మరి ఎవరిని అడగాలి? యెహెజ్కేలు 34 తీయండి. కాపరుల మీద తీర్పు అని ఆ అధ్యాయాన్ని మనం ప్రసంగిస్తాం. 17వ వచనం నుంచి దేవుడు మందలోని బలిసిన వాటివైపు తిరుగుతాడు. తేట నీళ్ళు మీరు తాగి, మిగిలినదాన్ని కాళ్ళతో కలచివేస్తే, నా గొఱ్ఱెలు ఆ బురదే తాగాలా అని అడుగుతాడు. ఇంతకంటే సూటిగా ఎవరు అడగగలరు? ఫ్యాక్టరీ యజమాని ఇంట్లో వాళ్ళు తాగేది ఆ బోరు నీళ్ళా? కాదు. ధర్మశాస్త్రం కూడా తేల్చేసింది. గొయ్యి తవ్వి మూయనివాడు అందులో పడిన ఎద్దుకు వెల ఇవ్వాలి (నిర్గమ 21:33-34). ఎద్దు చూసుకుని నడవాల్సిందని అక్కడ రాయలేదు. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలని 1996లో రాజస్థాన్ బిచ్రీ గ్రామం బావుల కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. మోషే దగ్గర ఉన్న న్యాయమే అది.

"రుజువు ఏదీ?" అని అడుగుతారు. 1999లో హైదరాబాదు జంట జలాశయాల దగ్గర ఒక ఫ్యాక్టరీ విషయంలో సుప్రీంకోర్టు దీనికీ జవాబిచ్చింది. తన పనివల్ల హాని లేదని చూపించే భారం ఆ పని చేయదలచినవాడిదే అంది. బిడ్డను చంకనెత్తుకున్న తల్లి ల్యాబు చుట్టూ తిరిగి రుజువు తేవాలా?

"ఉద్యోగాలు పోతాయి" అంటారు. ఏలూరు జిల్లా ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో 2022 ఏప్రిల్ 13 రాత్రి రసాయన ఫ్యాక్టరీలో మంటలు లేచి కనీసం ఆరుగురు చనిపోయారు. వారిలో బీహారు నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవారూ ఉన్నారు. మర్నాడు ఊరివాళ్ళు రోడ్డెక్కి, ఆ ఫ్యాక్టరీ మా నీళ్ళు పాడుచేస్తోంది, తీసేయండి అన్నారు. నీళ్ళ విషయంలో జాగ్రత్త లేనివాడికి పనివాడి ప్రాణంమీద జాగ్రత్త ఎక్కడి నుంచి వస్తుంది? ఉద్యోగం కావాలి. శుద్ధిచేసే యంత్రం పెట్టిన ఉద్యోగం కావాలి. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమని బేరం పెట్టేవాణ్ణి నమ్మకండి.

నా తోటి సేవకులకు కూడా ఒక మాట. చందా ఇచ్చిన చేతిని చూసి ప్రసంగం మార్చకండి. మందిరానికి ప్రహరీ కట్టించిన డబ్బు, ఊరికి వాటర్ ప్లాంటు పెట్టించిన డబ్బు మన నోటికి మూత వేయకూడదు. బోరు ప్రారంభానికి పిలిస్తే కొబ్బరికాయ బదులు ప్రార్థన చేసి వచ్చేస్తున్నాం. "ఈ నీళ్ళ పరీక్ష రిపోర్టు ఏదండీ" అని ఒక్కమాట అడిగి ప్రార్థన చేస్తే దేవునికి కోపం వస్తుందా?

మనది మెట్ట ప్రాంతం. కాలువ కింద ఊళ్ళలా గోదావరి నీళ్ళు మన గుమ్మంలోకి రావు. నల్లజర్ల చుట్టూ పొగాకుకైనా, పామాయిలుకైనా, కడుపుకైనా బోరే ఆధారం. మన బోర్లమీద నేను నింద మోపడం లేదు. కొత్త నాలుగు లైన్ల రోడ్డు వచ్చింది. రోడ్డు వెంట షెడ్లు వస్తాయి. రానివ్వండి. ముందే అడిగి రానిద్దాం. పల్లంలో కొల్లేరు సంగతి చూస్తున్నాం కదా. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చిందంతా ఆ సరస్సు కడుపులోకే పోతోంది. పైన ఉన్నవాడు వదిలింది కింద ఉన్నవాడు తాగుతాడు.

కాబట్టి చేయవలసినవి చెబుతాను. పెద్ద ఫ్యాక్టరీ వచ్చే ముందు చట్టప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాల్సినప్పుడు 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఆ రోజు కూలి పోయినా వెళ్ళండి. ఏ సాల్వెంట్లు వాడతారు, ఎంత వాడతారు, ఎంత తిరిగి పట్టుకుంటారు అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఉన్న ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి కాగితాలు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. బావిలోకైనా, వాగులోకైనా విషం వదలడాన్ని 1974 నీటి చట్టం 24వ సెక్షన్ నిషేధిస్తోంది. గ్రామసభలో తీర్మానం చేయించండి. అనుమానం ఉన్న నీటిని పరీక్షకు పంపితే ప్లాస్టిక్ సీసాలో సగం నింపి పంపకండి, సాల్వెంటు దారిలోనే ఎగిరిపోతుంది. ల్యాబువాళ్ళు ఇచ్చే గాజు సీసాలో గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, చల్లగా ఉంచి, త్వరగా చేర్చాలి. సాల్వెంట్ల పరీక్ష కావాలని పేరుపెట్టి అడగండి. లేకపోతే మామూలు పరీక్ష చేసి "బాగుంది" అని కాగితం ఇస్తారు.

స్త్రీల సమాజం సహోదరీలు ఈ పని ముందు పెట్టుకోవాలని నా మనవి. నీళ్ళు మోసేది మీరు, పాలిచ్చేది మీరు. ఊట దగ్గరికి నడిచే హక్కు కూడా ముందు మీదే. మీ వెంట నేను వస్తాను.

ప్రార్థన చేద్దాం. ప్రేమగల తండ్రీ, గర్భములో బిడ్డను, రొమ్మున పాలను ఇచ్చినవాడవు నీవే. నిందలు మోసిన తల్లులను ఆదరించుము. నీళ్ళను కలచినవారి మనస్సులను కదిలించుము, కదలనివారిని న్యాయము ఎదుట నిలువబెట్టుము. అడుగుటకు మాకు ధైర్యమును, అడిగిన తరువాత వెనుదిరుగని ఓర్పును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ కాపరి, నల్లజర్ల